నూనె పేరు – యంత్రం తీరు

గత వేసవిలో మన కళాశాల పూర్వ విద్యార్థి ఒకడు సెలవు మీద కడపకు వచ్చి, ఒకనాటి సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. పట్టా చేతికి వచ్చినా ఉద్యోగం దొరకక, ఇంటి భారం మీద పడగా గల్ఫు దారి పట్టిన మన పిల్లలలో అతడొకడు. అక్కడ ఎడారి అంచున విహారయాత్రికులకు నాలుగు చక్రాల ఇసుక బండ్లను గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక చోట మరమ్మతు పనిలో కుదిరాడు. ఆ బండ్లకు ఏ.టి.వి. అని పేరు. ఎటువంటి నేల మీదనైనా పోగల వాహనమని దాని అర్థం. గల్ఫు ప్రాంతంలో వాటినే క్వాడ్ బైకులంటారు. చూడటానికి కారుకు తమ్ముడిలా ఉన్నా, గుణానికి అది మోటారు సైకిలుకే దగ్గరి చుట్టం.

సలాములు, కుశల ప్రశ్నలు ముగిసిన పిదప అతడు కొంతసేపు తల వంచుకొని కూర్చొని, చివరకు ఇలా అడిగాడు: "సార్, సింథటిక్ ఆయిల్ పోసినాక కూడా ఇంజిన్ పట్టేస్తే అది ఎవరి తప్పు?"

జరిగిన సంగతి ఇది. యజమాని ఖరీదైన సింథటిక్ నూనె డబ్బాలు తెప్పించాడు. "ఇది చాలా గొప్ప నూనె, కాబట్టి ఇదివరకు మార్చినంత తొందరగా మార్చనక్కరలేదు, రెట్టింపు గంటలు నడపండి" అని నోటిమాటగా ఆజ్ఞ ఇచ్చాడు. రద్దీ రోజులలో గాలి వడపోతను శుభ్రం చేయటానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. కొన్ని వారాలకు ఒక బండి ఇసుక తిన్నె మీదనే ఆగిపోయింది. విప్పి చూస్తే సిలిండరు గోడల నిండా గీతలు, అడుగున సన్నని ఇసుక. నూనె ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. యజమాని మాత్రం "ఇంత మంచి నూనె పోసినా ఇంజిన్ పోయిందంటే నీ చేతకానితనమే" అని, రెండు నెలల జీతంలో సగం సగం కోశాడు. ఆ సగం జీతం ఇక్కడ కడపలో ఒక ఇంటి పొయ్యి మీదికి రావలసిన బియ్యం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి యంత్రాల నూనెతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చు. కాని ఆ కుర్రవాని ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. మన విద్యార్థుల తండ్రులలో, అన్నలలో ఎందరో మెకానిక్కులు, డ్రైవర్లు. ఎందరో విద్యార్థులు అప్పు చేసి కొన్న పాత మోటారు సైకిలు మీదనే కళాశాలకు వస్తున్నారు. పైగా, విచారించగా ఈ తగవులో సగం నూనెకు సంబంధించినదైతే, తక్కిన సగం ఒక మాటకు సంబంధించినదని తేలింది. మాటల సంగతి నా వృత్తిలోనిదే కదా!

ఆ మాట "సింథటిక్". మనం సింథటిక్ బట్ట అంటాం, సింథటిక్ రంగు అంటాం. వినగానే "కృత్రిమం" అనే భావం కలుగుతుంది. ఉర్దూలో "మస్నూయీ" అన్నా అంతే. అసలు కానిది, చేతితో చేసినది అని చెవికి తోస్తుంది. ఈ భావంతోనే కొందరు పెద్దవారు "నకిలీ నూనె మనకెందుకు, అసలు నూనె పోద్దాం" అంటారు. ఇంకొక వైపు యువకులు ఆ పేరు ఆంగ్లంలో బంగారు అక్షరాలతో డబ్బా మీద మెరవటం చూసి, అదేదో ఒకసారి పోస్తే ఇక చూడనక్కరలేని అమృతమనుకొంటారు. రెండూ పొరపాట్లే. గ్రీకు మూలాన్ని బట్టి ఆ మాటకు "కలిపి కూర్చుట" అని అర్థం. మన రసాయన శాస్త్ర గ్రంథాలలో "సంశ్లేషణ" అన్నది సరిగ్గా అదే.

సాధారణ నూనె భూగర్భం నుండి తీసిన ముడి చమురును మరిగించి, పాళ్లుగా విడదీసి, అందులోని మైనాన్ని, గంధకాన్ని తొలగించగా మిగిలిన నూనె. ఎంత శుద్ధి చేసినా అందులో చిన్నా పెద్దా అణువులు కలగలిసే ఉంటాయి. సంశ్లేషిత నూనెలో అణువులను ఒక ప్రమాణం ప్రకారం కూర్చుతారు. అవి దాదాపు ఒకే తీరుగా ఉండటం వలన చలిలో త్వరగా గడ్డకట్టవు, వేడిలో త్వరగా చెడవు. మొదటిది ఏటి ఒడ్డున ఏరి తెచ్చిన రాళ్లతో పేర్చిన గోడ వంటిది. రెండవది అచ్చులో పోసిన ఇటుకలతో కట్టిన గోడ వంటిది. రెండూ గోడలే. ఏది ఎక్కడ అవసరమన్నదే ప్రశ్న.

అయితే డబ్బా మీద "సింథటిక్" అని ఉన్నదంతా అచ్చులో పోసిన ఇటుకే అనుకోరాదు. అమెరికా పెట్రోలియం సంస్థ మూల నూనెలను ఐదు వర్గాలుగా విభజించింది. మొదటి మూడూ ముడి చమురు నుండి వచ్చినవే. మూడవ వర్గం హైడ్రోజన్ సాయంతో అధిక పీడనంలో అణువులను విరిచి, మార్చి, మిక్కిలి శుద్ధి చేసినది. నాల్గవది అక్షరాలా అణువులను కూర్చి చేసినది. తక్కినవన్నీ ఐదవ వర్గంలోకి వస్తాయి. మూడవ వర్గపు నూనెను "సింథటిక్" అని పిలవవచ్చునా అని అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల మధ్య వివాదం రాగా, ప్రకటనల సత్యాసత్యాలను విచారించే అక్కడి జాతీయ ప్రకటనల విభాగం 1999లో పిలవవచ్చుననే తీర్పు ఇచ్చింది. ఒక్క మాట అర్థం ఆ విధంగా విశాలమైపోయింది. మూడవ వర్గపు నూనె చెడ్డదని నా అభిప్రాయం కాదు, అది చాలా మంచి నూనే. పేరు చూసి బేరం చేయరాదన్నదే నా మాట.

ఇక యంత్రం సంగతి. హోండా కంపెనీ 1970లో మూడు లావుపాటి చక్రాలతో ఒక చిన్న బండిని అమెరికాలో ప్రవేశపెట్టింది. మొదట అది వినోదానికే పుట్టింది. సుజుకీ కంపెనీ 1983 మాడలుగా నాలుగు చక్రాల బండిని తెచ్చింది. మూడు చక్రాల బండ్లు బోల్తా పడి ప్రాణాలు తీస్తున్నందున 1988లో అమెరికాలో వాటి అమ్మకం ఆగిపోయింది. నాలుగు చక్రాల బండి నిలిచింది. వినోదం కోసం పుట్టిన బండి క్రమంగా రైతుకు పనిముట్టయింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో పశువుల కాపరులు, కెనడా మంచు నేలల్లో రైతులు, వేటగాళ్లు దానిని వాడుతున్నారు.

దాని ఇంజిన్ పడే పాట్లు రోడ్డు మీది బండి పడే పాట్లవంటివి కావు. బరువు లాగుతూ మెల్లగా పోతుంది, కనుక ఎదురుగాలి తగిలి చల్లబడే అవకాశం తక్కువ. చక్రాలు ఇసుకలో కూరుకుపోతుంటే ఇంజిన్ మాత్రం వేగంగా తిరుగుతుంది. దుమ్ములో, బురదలో, నీటిలో పని. ఇంతటి పనికి అందులో పట్టే నూనె సుమారు రెండు లీటర్లు. పెద్ద చెరువు ఎండటానికి కాలం పడుతుంది గాని చిన్న కుంట పాడు కావటానికి ఎంతసేపు? పైగా చాలా ఏ.టి.వి.లలో, మన మోటారు సైకిళ్లలో వలెనే, ఇంజిన్‌కు, గేర్లకు, తడి క్లచ్‌కు ఒకే నూనె. కారులో గేర్ల నూనె వేరు. ఈ ఒక్క భేదం తెలియక నష్టపోయినవారు ఎందరో. వారిలో నేనూ ఒకడిని.

కొన్నేళ్ల క్రితం మా బంధువుల కారులో పోయగా మిగిలిన సింథటిక్ నూనె నా చేతికి వచ్చింది. ఉచితంగా దొరికిన ఖరీదైన వస్తువు కదా అని నా మోటారు సైకిలులో పోయించాను. వారం తిరగకముందే గువ్వలచెరువు ఘాట్‌లో రాయచోటి వైపు ఎక్కుతుండగా ఇంజిన్ అరుస్తున్నది గాని బండి ముందుకు సాగదు. వెనుక కూర్చున్న మా అబ్బాయిని దింపి, సగం దూరం తోసుకుంటూ వెళ్లాను. మరునాడు మా వీధి మెకానిక్ వద్దకు బండిని తీసుకుపోతే, అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆ పెద్దమనిషి నూనెను వేళ్ల మధ్య రాసి చూసి, ఏ డబ్బాలోదని అడిగి, నవ్వి అన్నాడు: "ఆయిల్ మంచిదే సార్. మీ బండికి మంచిది కాదు, అంతే."

ఈ మొత్తం విషయానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు ఏ గ్రంథంలోను దొరకలేదు. కొన్ని కారు నూనెలలో ఇంధనం ఆదా కోసం ఘర్షణను బాగా తగ్గించే పదార్థాలు కలుపుతారు. అటువంటి డబ్బాల మీది గుండ్రని గుర్తు అడుగు భాగంలో "రిసోర్స్ కన్సర్వింగ్" అని ఉంటుంది. కాని తడి క్లచ్ పనిచేసేదే ఘర్షణ వలన. ఘర్షణ పోతే పలకలు జారుతాయి, బలం చక్రానికి చేరదు. ఇందుకే జపానువారు 1998లో నాలుగు స్ట్రోకుల మోటారు సైకిలు నూనెలకు "జాసో" ప్రమాణం ఏర్పరచారు. ఎం.ఏ. అన్న గుర్తు తడి క్లచ్ ఉన్న బండ్లకు తగినది. ఎం.బి. అన్నది ఘర్షణ తక్కువైనది, తడి క్లచ్ లేని స్కూటర్ల వంటి వాటికి తగినది. నూనె సింథటిక్ అయినా సాధారణమైనా, మోటారు సైకిలువాడు ముందుగా వెదకవలసినది ఈ రెండక్షరాలను. బెల్టుతో నడిచే చాలా ఏ.టి.వి.లలో క్లచ్ నూనెలో మునగదు కనుక వాటి నియమం వేరు. పొలారిస్ వంటి కంపెనీ తన బండ్లకు 5డబ్ల్యూ-50 సింథటిక్ నూనెను సూచిస్తుంది. ఏ బండికి ఏ నియమమో దానితో వచ్చే కరదీపికలో ఉంటుంది.

డబ్బా మీది అంకెలను కూడా చదవటం నేర్చుకోవాలి. 10డబ్ల్యూ-40 అన్నప్పుడు డబ్ల్యూ అనే అక్షరం చలికాలాన్ని సూచిస్తుంది. 10డబ్ల్యూ నూనెను సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిలో, 5డబ్ల్యూను 30 డిగ్రీల చలిలో పరీక్షించి, ఇంజిన్ తిరగనిచ్చేంత పలుచగా ఉన్నదో లేదో చూస్తారు. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో నూనె స్నిగ్ధత, అనగా చిక్కదనం ఎంతో చెబుతుంది. కెనడా రైతుకు మొదటి అంకె ప్రాణాధారం. తెల్లవారుజామున అతని బండి కదలాలంటే మైనం లేని సింథటిక్ నూనె అవసరమే. మరి కడపలో? మన తెలుగునాట లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగితేనే పత్రికలలో వార్త అవుతుంది. సింథటిక్ నూనె చలిలో చూపే గొప్పతనానికి మనం చెల్లించే మూల్యం, ఎండాకాలంలో కంబళి కొనటం వంటిది.

ఇక వేడి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు నూనె ఆక్సీకరణ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని స్థూలంగా ఒక సూత్రం ఉన్నది. గల్ఫు ఎడారిలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఇసుకలో ఈడ్చుకుపోయే ఇంజిన్‌కు వేడిని ఎక్కువకాలం తట్టుకొనే సింథటిక్ నూనె పోయటం వివేకమే. గేర్ల పళ్ల మధ్య నలిగి నూనె పలుచబడటం కూడా మంచి మూల నూనెలో తక్కువ. కనుక ఆ యజమాని సింథటిక్ నూనె కొనటంలో తప్పు లేదు. కొన్న తరువాత దాని మీద మోపిన భారమే తప్పు.

నూనె ఎంత గొప్పదైనా ఇసుకను కరిగించదు. ఇసుక రేణువు ఇంజిన్ లోహం కంటే గట్టిది. గాలి వడపోత ఇంటి వాకిట కావలివాడు. కావలివాడు నిద్రపోతే లోపలికి వచ్చిన దొంగను నూనె పట్టుకోలేదు సరికదా, తన వెంట ఇల్లంతా తిప్పుతుంది. నురగ వడపోతను ఎడారిలో ఏ రోజుకారోజు కడిగి, ఆరబెట్టి, నూనె అద్ది అమర్చాలి. అది జరగలేదు. ఇసుక రింగులను అరగదీసింది, అరిగిన రింగుల సందున నూనె పైకి పోయి కాలిపోయింది, మట్టం తగ్గింది, ఇంజిన్ పట్టేసింది. రెట్టింపు గంటలు నడపమన్నందున నూనె మట్టం చూసే సందర్భాలు కూడా సగానికి తగ్గాయి. ఆ కుర్రవాని ప్రశ్నకు నా జవాబు ఇదే: నూనెది తప్పు కాదు, నీది కూడా కాదు. ఖరీదైన వస్తువు కొన్నాం కాబట్టి జాగ్రత్త మానవచ్చుననే భ్రమదే తప్పు.

ఈ భ్రమ గల్ఫు యజమానికే పరిమితం కాదు. మన విద్యార్థులూ ఇదే లెక్క వేస్తున్నారు. ఒక ఊహా లెక్క చూద్దాం. సాధారణ నూనె డబ్బా వెల 100 అనుకొంటే సింథటిక్ డబ్బా 250 అనుకొందాం. 3,000 కిలోమీటర్లకొకసారి మార్చాలని కరదీపిక చెప్పినదనుకొందాం. 12,000 కిలోమీటర్లకు సాధారణ నూనె నాలుగు మార్పులకు 400 అవుతుంది. సింథటిక్ పోసి 6,000 కిలోమీటర్ల దాకా లాగించినవానికి రెండు మార్పులకే 500 అవుతుంది. అంటే ఎక్కువ డబ్బు ఇచ్చి, సగం దూరం మురికి నూనెతో బండి నడిపినట్లు! అప్పు చేసి కొన్న పాత బండికి ఈ గౌరవం అవసరమా?

రెండవ పక్షం వారి పొరపాట్లను కూడా చెప్పకపోతే న్యాయం కాదు. సింథటిక్ నూనె నకిలీది కాదు. ఒకసారి అది పోస్తే మళ్లీ సాధారణ నూనెకు రాకూడదన్నది నిజం కాదు. రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి; సెమీ సింథటిక్ అనేది ఆ కలయికే. నూనె నల్లబడినంత మాత్రాన చెడిపోయినదనుకోరాదు, మసిని తనలో పట్టి ఉంచటం దాని ధర్మం. పాలరంగుకు మారితే మాత్రం నీరు చేరినదని గ్రహించి వెంటనే మార్చాలి. కరదీపిక సింథటిక్ పోయమని స్పష్టంగా చెప్పిన బండికి లోభించి సాధారణ నూనె పోయటం కూడా తెలివి కాదు.

నా అభిప్రాయాన్ని క్లుప్తంగా మనవి చేస్తాను. తీవ్రమైన చలిలో, తీవ్రమైన వేడిలో, ఎడతెగని బరువు కింద పనిచేసే యంత్రానికి సింథటిక్ నూనె న్యాయంగా తగినది. మన ఊళ్లలో ఇంటికీ కళాశాలకూ తిరిగే సామాన్యమైన మోటారు సైకిలుకు, కరదీపిక అనుమతించినంతవరకు, సరియైన అంకె, సరియైన గుర్తు గల సాధారణ నూనె వేళకు మార్చితే చాలు. మిగిలిన డబ్బుతో ఒక గాలి వడపోత కొనవచ్చు. ముందు యంత్రాన్ని తెలుసుకోవాలి, తరువాత దాని పనిని, ఆ తరువాతనే నూనె పేరును. మనం ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తున్నాం.

విద్యార్థులకు ఒక మాట. మీ బండితో వచ్చిన చిన్న పుస్తకాన్ని అటక మీద పడవేయకండి, పాఠ్యపుస్తకం వలె చదవండి. ఒక నోటు పుస్తకంలో నూనె మార్చిన తేదీ, అప్పటికి తిరిగిన దూరం, పోసిన నూనె అంకె, గుర్తు వ్రాసి పెట్టండి. రేపు మీలో ఎవరైనా పరాయి దేశంలో పరాయివాని యంత్రం మీద పనిచేసే పరిస్థితి వస్తే, తేదీ, గంటలు, ఎవరి ఆజ్ఞ అన్నది వ్రాసి సంతకం చేయించుకోండి. మన పూర్వ విద్యార్థికి పనితనం లేక జీతం పోలేదు. తన మాటకు కాగితం మీద సాక్ష్యం లేక పోయింది. చదువు అనేది యంత్రశాలలో కూడా అక్కరకు రాగలదని ఇంతకంటే వేరే నిదర్శనం కావాలా?

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒకటున్నది. నా బండితో వచ్చిన కరదీపిక ఆంగ్లంలో ఉన్నది. అది చదవగల నేను చదవకుండా నూనె పోశాను, ఏ పుస్తకమూ చదవని ఉస్తాద్ వేళ్లతో రాసి తప్పు పట్టాడు. పుస్తకం ఒకరి వద్ద, అనుభవం ఒకరి వద్ద ఉండిపోయినంతకాలం ఇద్దరికీ నష్టమే. కనుక నెలకొక ఆదివారం మన ఊరి ఉస్తాదులను కళాశాలకు గౌరవంగా ఆహ్వానించి, వారి ఎదుట ఒక ఇంజిన్ విప్పించి, రసాయన శాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు కూడి ప్రశ్నలడిగి, ఆ విషయాలను తెలుగులోను ఉర్దూలోను చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని కోరుతున్నాను. తెలుగు ప్రతి వ్రాసే బాధ్యత నేను స్వీకరిస్తాను. ఉర్దూ శాఖ మిత్రులు రెండవ ప్రతికి ముందుకు రాగలరని నా నమ్మకం.

ఆ కుర్రవాడు సెలవు ముగిసి మళ్లీ ఆ ఎడారికే వెళ్లాడు. వెళ్లేముందు ఒక లావుపాటి నోటు పుస్తకం కొని నాకు చూపించాడు. మొదటి పుటలో బిస్మిల్లా వ్రాసి, దాని కింద నాలుగు గడులు గీశాడు: తేదీ, గంటలు, నూనె, సంతకం. ఆ గడులు నిండుగాక!